ఎపాక్సీయా, పాలిస్టరా? ముందు పైపూత సంగతి తేల్చుకోండి

ఫైబర్ పడవకి దెబ్బ తగిలింది, ఏ రెజిన్ (గాజు పోగుల గుడ్డని తడిపి గట్టిపరిచే ద్రవం) కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. పనంతా అయ్యాక దాని మీద ఏం పూస్తారు, జెల్ కోటా (ఫైబర్ పడవకి ఉండే మెరిసే రంగు పైపొర), పెయింటా అని ఎదురు ప్రశ్న వేస్తాను. చాలామందికి చిరాకొస్తుంది. పడవకి కన్నం పడి నీళ్లొస్తున్నాయంటే ఈవిడ రంగు గురించి అడుగుతోందేంటి అన్నట్టు చూస్తారు. కానీ ఈ పనిలో ఆలోచన పైనుంచి మొదలై లోపలికి రావాలి. ఆన్‌లైన్‌లో చూస్తే అందరూ ఎపాక్సీయే బెస్ట్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, దుకాణానికి వెళ్తే మామూలు పాలిస్టర్ చూపించి "జీపీ తీసుకోండి మేడమ్, అందరూ అదే పట్టుకెళ్తారు" అంటారు. రెండూ అబద్ధం కాదు గానీ ఆ ఇద్దరిలో ఎవరూ మీ పడవని చూసి చెప్పలేదు కదా.

నా సంగతి కొంచెం. ఉద్యోగం బాలానగర్ వైపు, మెషిన్ పార్టుల డిజైన్. ఆదివారం వస్తే హుస్సేన్ సాగర్ దగ్గర ఉంటాను, గాలి ఉంటే నీళ్ల మీద, లేకపోతే ఒడ్డున ఎవరిదో ఒకరి పడవ బోర్లించి గ్రైండర్ పట్టుకుని. ఇక్కడ తిరిగే డింగీలు, అదే చిన్న తెరచాప పడవలు, అంటే పిల్లల ఆప్టిమిస్టులు, లేజర్లు, అక్కడక్కడా మిగిలిన పాత ఎంటర్‌ప్రైజులు, వీటిలో ఫైబర్‌వి దాదాపు అన్నీ పాలిస్టర్ రెజిన్‌తో తయారైనవే. వీటికి తగిలే దెబ్బలు కూడా కొత్తవేం కావు. ర్యాంపు మీద ఈడ్చినప్పుడు అడుగు అరిగిపోవడం, రేసులో మలుపు దగ్గర ఒకదాని ముక్కు ఇంకోదాని పక్కలో దిగడం, నిమజ్జనం తర్వాత కొన్నాళ్లు నీళ్లలో మిగిలిపోయే ఇనప చువ్వలు. తెరచాప స్తంభం కూర్చునే గుంట పగలడం మాత్రం వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి, దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు పాలిస్టర్. దుకాణంలో జీపీ అంటే ఆర్థోఫ్తాలిక్ రకం, కాస్త ఎక్కువ రేటుకి ఇచ్చే ఐసో అంటే ఐసోఫ్తాలిక్ రకం. రెండూ స్టైరీన్‌లో కరిగి ఉంటాయి, డబ్బా మూత తియ్యగానే తలకెక్కే ఆ తియ్యటి ఘాటు వాసన స్టైరీన్‌దే. నీటిని ఎక్కువ కాలం తట్టుకునేది ఐసో. గట్టిపడటానికి ఎంఈకేపీ అనే కెటలిస్ట్ కలుపుతాం, రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. ఇది పాలకి తోడు పెట్టడం లాంటిది. తోడు కాస్త ఎక్కువైతే త్వరగా తోడుకుంటుంది, తక్కువైతే ఆలస్యంగా, మొత్తానికి పెరుగు అయితే అవుతుంది. అందుకే ఫైబర్ పనివాళ్లు వాతావరణం చూసి కెటలిస్ట్ అటూ ఇటూ చేస్తుంటారు. అలాగని మే నెలలో పావు శాతం వేసి చూద్దాం అనుకోకండి. 1 శాతం కంటే బాగా తగ్గిస్తే పైకి గట్టిపడినట్టే ఉంటుంది గానీ లోపల సగం సగమే అవుతుంది, ఆ తర్వాత ఎన్నాళ్లు ఎండబెట్టినా అది అంతే.

ఎపాక్సీలో ఈ ఆట కుదరదు. అక్కడ గట్టిపరచడానికి కలిపే హార్డనర్ సరుకులో భాగం. రెజిన్ అణువులూ హార్డనర్ అణువులూ ఒకదానితో ఒకటి లెక్క ప్రకారం ముడిపడాలి, ఏది ఎక్కువైనా ఆ మిగిలింది జిగటగా లోపలే ఉండిపోతుంది. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల నుంచి చిన్న వర్క్‌షాపుల దాకా అందరికీ తెలిసిన జోడీ అరాల్డైట్ ఎల్‌వై 556, హెచ్‌వై 951. వంద గ్రాములకి పది గ్రాములు, తూకం ప్రకారం. త్వరగా ఆరాలని పదిహేను వేశాను అంటాడు ఒకాయన ఎంతో ధీమాగా, ఆయన అతుకు గోరుతో నొక్కితే గుంట పడుతోంది. ఇంకో చిక్కు ఉంది. చిన్న అతుకుకి 20 గ్రాముల రెజిన్ చాలు, దానికి 2 గ్రాముల హార్డనర్. వంటింటి తూకం గ్రాము కంటే తక్కువ చూపించదు, అంటే అది 2 అని చూపించినప్పుడు లోపల ఒకటిన్నరో రెండున్నరో ఎవరికి తెలుసు. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే గిట్టుబాటయ్యే ఖర్చు అదే. పాలిస్టర్ వాళ్లకి మెడికల్ షాపులో దొరికే సిరంజి సరిపోతుంది.

మూడోది వినైల్ ఎస్టర్. దీని వెన్నెముక ఎపాక్సీది, నడవడిక పాలిస్టర్‌ది. అదే స్టైరీన్, అదే ఎంఈకేపీ, జెల్ కోట్ కూడా హాయిగా పట్టుకుంటుంది. నీటికి విరిగిపోయే ఎస్టర్ బంధాలు ఇందులో తక్కువ, అవి కూడా గొలుసు చివర్లలోనే ఉంటాయి, అందుకని నీళ్లలో ఎక్కువ కాలం నిలుస్తుంది. పాత పాలిస్టర్‌ని పట్టుకోవడంలో మామూలు పాలిస్టర్ కంటే మెరుగు, ఎపాక్సీ అంత కాదు. చదివితే ఇదే అన్నిటికంటే మంచిదనిపిస్తుంది. మరి నేనెందుకు పెద్దగా వాడనో దుకాణం సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం, అతుకు. ఫ్యాక్టరీలో పడవ పోసేటప్పుడు ఒక పొర ఇంకా పచ్చిగా ఉండగానే దాని మీద ఇంకో పొర పడుతుంది కాబట్టి రెండూ రసాయనికంగా కలిసి ఒకటైపోతాయి. మీ దగ్గరకి వచ్చిన పడవ ఎప్పుడో పదేళ్ల కిందట పూర్తిగా గట్టిపడింది. దాని మీద మీరు వేసే కొత్త పాలిస్టర్‌కి గరుకుగా రుద్దిన గీతల్లో దూరి పట్టుకోవడం తప్ప వేరే ఆధారం లేదు. పైగా గట్టిపడేటప్పుడు అది బాగానే కుంచించుకుపోతుంది, ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా. ఎపాక్సీ కుంచించుకునేది అందులో చాలా తక్కువ, పట్టు కూడా గట్టిది. అందుకే అతుకు మీద నిజంగా లాగుడు పడే చోట, స్తంభం గుంట, సెంటర్ బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దింపే పలక) పెట్టె మూలలు, చుక్కాని బిగించే వెనక పలక, ఇలాంటి చోట్ల నా ఓటు ఎపాక్సీకే, ఇందులో పెద్ద చర్చేం లేదు. స్తంభం గుంట దగ్గర మరీను. గాలి గట్టిగా కొడితే స్తంభం మొత్తం ఆ జానెడు చోటుని పెకలించాలని చూస్తుంది. లోపలినుంచి చెయ్యి దూరదు, అతుకు ఒక్క వైపు నుంచే వెయ్యాలి, కాబట్టి పట్టు మొత్తం జిగురు మీదే ఆధారపడి ఉంటుంది.

మరి ఎప్పుడూ ఎపాక్సీయే వాడేస్తే పోలేదా? మా మావయ్య ఒప్పుకోడు. కాకినాడ దగ్గర ఆయనకి ఫైబర్ పడవ ఉంది, వేటకి వెళ్తుంది. ఒకసారి సెలవులకి వెళ్లినప్పుడు ఒడ్డున పడవ పక్కకి ఒరిగించి పని చేయిస్తున్నాడు, ఇసకలో గోనెపట్టా పరిచి గాజు పోగుల మ్యాట్ ముక్కలు కత్తిరిస్తున్నారు, నేను ఊరుకోకుండా ఎపాక్సీ అని నోరు తెరిచాను.

"అమ్మాయ్, సముద్రంలో ఇన్నేళ్లు తిరిగింది ఈ రెజిన్ మీదే కదా. నీ చెరువులో బొమ్మ పడవకి ఎపాక్సీ కావాల్సొచ్చిందా?"

"అది కాదు మావయ్యా, పట్టు…"

"పట్టు సంగతి అలా ఉంచు. నాకు ఇరవై కిలోలు పడుతుంది. రేపు పొద్దున్నే నీళ్లలోకి దిగాలి. నీ ఎపాక్సీ ఎప్పటికి ఆరుతుంది? దాని ఖర్చెవరిస్తారు, మీ ఆయనా?"

ఆయన లెక్క ఆయనకి కరెక్ట్. పెద్ద పడవ, లోపలా బయటా చెయ్యి ఆడేంత చోటు, రెండు వైపులనుంచీ పొరలు వేసి మందంగా కప్పెయ్యొచ్చు, బరువు పెరిగితే ఎవరూ అడగరు, వచ్చే ఏడాది మళ్లీ అక్కడే తగిలినా మళ్లీ అదే జీపీ, అదే మనుషులు. ఎపాక్సీ రేటు జీపీకి ఎన్నో రెట్లు, ఇరవై కిలోల దగ్గర ఆ తేడా నెల సంపాదనని మింగేస్తుంది. మన డింగీలో అతుకుకి పడేది అర కిలో లోపే, అక్కడ రేటు చూసి రెజిన్ ఎంచుకోవడంలో అర్థం లేదు. తెరచాప, స్తంభం లాంటివి కాకుండా ఆప్టిమిస్టు బరువే 35 కిలోలు. రేసుకి వెళ్లే పిల్ల పడవలో ముక్కు దగ్గర అర కిలో పుట్టీ దట్టించారంటే సాగర్‌లో ఆ నీరసం గాలికి అది కదలనే కదలదు. అందుకని ఇక్కడ తక్కువ సరుకుతో ఎక్కువ బలం కావాలి, అక్కడ ఎక్కువ సరుకుతో త్వరగా పని అవ్వాలి.

మ్యాట్ గురించి ఒక ముక్క. మావయ్య వాళ్లు వాడే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, అదే పొట్టి పోగులు చెల్లాచెదురుగా అంటించి ఉండేది, పాలిస్టర్ కోసం పుట్టింది. ఆ పోగులని పట్టి ఉంచే జిగురు స్టైరీన్‌లో కరుగుతుంది. బ్రష్‌తో రెజిన్ తట్టిన ఒకటి రెండు నిమిషాలకి తెల్లటి మ్యాట్ మెల్లగా మెత్తబడి, పోగులు విడిపోయి, మూలలు ఎటు ఒంచితే అటు ఒంగి, కింద ఉన్న పాత రంగు కనిపించేంత పారదర్శకంగా అయిపోతుంది, చూడటానికి బలే ఉంటుంది. అదే మ్యాట్ మీద ఎపాక్సీ పోసి చూడండి. ఎపాక్సీలో స్టైరీన్ లేదు కాబట్టి జిగురు కరగదు, మ్యాట్ అట్టలా బిగుసుకునే ఉంటుంది, మూల దగ్గర నొక్కితే ఇటు లేస్తుంది, ఇటు నొక్కితే అటు లేస్తుంది, మధ్యమధ్య తెల్ల మచ్చలు అలాగే ఉండిపోతాయి. ఎపాక్సీ వాడాలనుకుంటే నేత గుడ్డ కొనండి, లేదా రెండు దిక్కుల పోగులని దారంతో కుట్టిన బయాక్సియల్. దుకాణంలో ఫైబర్ గుడ్డ అని అడిగితే చేతికి మ్యాటే ఇస్తారు, విప్పి చూసుకోండి.

ఇప్పుడు మన ఊరి ఎండ సంగతి. డబ్బా మీద రాసే పాట్ లైఫ్, అంటే కలిపాక గట్టిపడేలోపు వాడుకునే టైము, సాధారణంగా 25 డిగ్రీల దగ్గర కొలిచింది. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ టైము సుమారు సగానికి పడిపోతుంది. డబ్బా మీద 30 నిమిషాలు అని ఉంటే మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల నీడలో మీకు మిగిలేది పది నిమిషాలు. కప్పులో వదిలేస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే గట్టిపడేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేక ఇంకా త్వరగా గట్టిపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కిందటి వేసవిలో పక్క పడవ వాళ్లబ్బాయి పావు కిలో ఎపాక్సీ ఒకే ప్లాస్టిక్ గ్లాసులో కలిపి ఫోన్ మాట్లాడటానికి పక్కకెళ్లాడు. ముందు గ్లాసు అంచు మెత్తబడి ఒక పక్కకి వాలింది, తర్వాత అడుగు నుంచి సన్నగా పసుప్పచ్చ పొగ, ఆ తర్వాత చిటపటమని పగుళ్లు, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసెయ్యాలి, ఒక్కసారి కలిపేది వంద గ్రాములు దాటకూడదు. రెజిన్ డబ్బాని మూత బిగించి ముందు రోజు రాత్రి ఇంట్లో చల్లటి చోట పెడితే పొద్దున్న కాస్త ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది. దొరికితే స్లో హార్డనర్ కొనండి, మన ఊరికి సంవత్సరంలో ఎక్కువ నెలలు అదే నప్పుతుంది.

లోపల ఫోమ్ గానీ చెక్క గానీ ఉన్న పలకైతే మాత్రం పొద్దున్న మొదలుపెట్టకండి. ఎండెక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి పచ్చి రెజిన్‌లోంచి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. సాయంత్రం, పలక చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ గాలి లోపలికి ముడుచుకుంటూ రెజిన్‌ని తనతో లాక్కుంటుంది.

వానాకాలంలో ఎపాక్సీకి ఇంకో జబ్బు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆరిన ఎపాక్సీ మీద చేతికి జిడ్డుగా, మైనంలా తగిలే పొర ఏర్పడుతుంది, హార్డనర్‌లోని అమీన్ అనే రసాయనం గాలిలో తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి చేసే పని అది. దాని మీద ఇంకో పొర వేసినా, రంగు వేసినా తర్వాత ఒలిచినట్టు ఊడొస్తుంది. మందు సులువు: మామూలు నీళ్లు, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు. ముందు కడిగి, తుడిచి, ఆ తర్వాతే సాండ్ పేపర్ పట్టాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డుని గీతల్లోకి దట్టించినట్టే. పాలిస్టర్‌కి సరిగ్గా వేరే గొడవ. గాలి తగిలే పై ముఖం ఆరదు, అంటుకుంటూనే ఉంటుంది, ఆక్సిజన్ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే ఆఖరి పొరలో మైనం ద్రావణం కలుపుతారు, లేదా పైన ఓహెచ్‌పీ షీటు, అదే పారదర్శక ప్లాస్టిక్ షీటు, పరిచి గాలి లేకుండా రుద్దేస్తారు. నాకు షీటే ఇష్టం, తీశాక అద్దంలా నున్నగా వస్తుంది, రుద్దే పని తగ్గుతుంది.

జెల్ కోటా, పెయింటా అని మొదట్లో అడిగింది ఇందుకే. జెల్ కోట్ అంటే రంగు కలిపిన పాలిస్టరే. పాలిస్టర్ మీద, వినైల్ ఎస్టర్ మీద చక్కగా పడుతుంది. ఎపాక్సీ మీద వేస్తే, కింద మిగిలిపోయిన అమీన్ దాన్ని ఆరనివ్వకపోవచ్చు. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక బాగా కడిగి గరుకుగా రుద్దితే పట్టిన సందర్భాలూ ఉన్నాయి, కానీ నా దృష్టిలో అది పందెం కాయడమే. ఎపాక్సీతో అతుకు వేస్తే దాని మీద టూ ప్యాక్ పీయూ పెయింట్ (రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్ రంగు) వెయ్యండి, హాయి. ఎలాగూ ఎపాక్సీని ఎండకి బట్టబయలుగా వదలకూడదు, అతినీలలోహిత కిరణాలకి పసుపెక్కి, సున్నంలా పొడి రాలుతుంది. పడవ యజమానికి మచ్చ కనపడకుండా పాత మెరుపే కావాలి, దెబ్బ మరీ పెద్దది కాదు, లాగుడు పడే చోటు కాదు అంటే ఐసో పాలిస్టర్, పైన జెల్ కోట్. జెల్ కోట్ వరకే ఊడి, కింద ఫైబర్ చెక్కుచెదరకుండా ఉంటే అసలు రెజిన్ చర్చే వద్దు, జెల్ కోట్ ఒక్కటి కొనుక్కుని షీటు అంటించి వదిలెయ్యండి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. పాలిస్టర్ మీద ఎపాక్సీ వెయ్యొచ్చు, ఎపాక్సీ మీద పాలిస్టర్ నమ్మకంగా నిలవదు. ఒకసారి ఒక చోట ఎపాక్సీ వేశారంటే ఆ పడవకి ఆ చోట ఇక జీవితాంతం ఎపాక్సీయే. అందుకని నేను అతుకు వేశాక పడవ లోపలి వైపు, కనపడని చోట, మార్కర్‌తో ఎపాక్సీ అని, నెలా సంవత్సరం రాసి పెడతాను. పడవలు చేతులు మారుతుంటాయి. రేపు కొనుక్కున్నవాళ్లకి ఆ రాత ఎంత పనికొస్తుందో, ఏ రాతా లేని పడవని రిపేరుకి తెచ్చుకున్నవాళ్లని అడిగితే చెప్తారు.

థర్మాకోల్ విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. కొన్ని ఇంటి తయారీ పడవల్లో, పిల్లల సర్ఫ్ బోర్డుల్లో, మునగకుండా పెట్టే దిమ్మల్లో తెల్ల థర్మాకోల్ ఉంటుంది. స్టైరీన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. నమ్మకపోతే టీవీ డబ్బాలో వచ్చిన ముక్క మీద ఒక చుక్క పాలిస్టర్ వేసి చూడండి, మీరు చూస్తుండగానే గుంట పడి లోపలికి దిగిపోతుంది. అక్కడ ఎపాక్సీ ఒక్కటే దారి. లేజర్ డెక్కులో ఉండే పీవీసీ ఫోమ్ వేరు, దానికి ఆ భయం లేదు. లోపల ఏముందో తెలియకపోతే కన్నంలోంచి గోరంత తీసి పరీక్షించి అప్పుడు రెజిన్ కొనండి.

కొనే దగ్గరకొద్దాం. మన దగ్గర ఈ సరుకంతా రాణిగంజ్, బాలానగర్, జీడిమెట్ల వైపు తిరిగితే దొరుకుతుంది, ఎక్కువగా నీళ్ల ట్యాంకులు, కూలర్ బాడీలు, విగ్రహాలు పోసేవాళ్ల కోసం తెస్తారు కాబట్టి జీపీ ఎప్పుడూ తాజాగానే ఉంటుంది. ఐసో అడిగితే అన్ని చోట్లా ఉండదు, అడగకపోతే ఇవ్వనే ఇవ్వరు. వినైల్ ఎస్టర్‌తో నా గొడవ ఇక్కడే. దాని ఆయుష్షు తక్కువ, చల్లటి చోట పెట్టినా మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు. మన వేసవిలో రేకుల షెడ్డు కింద పెట్టిన డబ్బా అంతకంటే ముందే చిక్కబడుతుంది. తక్కువమంది కొనే సరుకు కాబట్టి అది దుకాణంలో ఎప్పటినుంచి ఉందో తెలియదు. తయారీ తేదీ అడిగితే ఒక చోట నాకు చెప్పిన సమాధానం "కలిపి చూడండి మేడమ్, సెట్ అయితే మంచిదే" అని. పెద్ద పని ఉండి, ఫ్యాక్టరీ నుంచి తాజాగా తెప్పించుకోగలిగితే నిస్సందేహంగా మంచి సరుకు. నెక్లెస్ రోడ్డు వైపు తిరిగే బోట్లలా ఏడాది పొడవునా నీళ్లలోనే ఉండేవాటికి నేను దాన్నే చెప్తాను. ఎందుకంటే మంచినీళ్లలో నానే పాలిస్టర్‌కి సముద్రంలో కంటే త్వరగా బొబ్బలొస్తాయి, ఉప్పులేని నీరు జెల్ కోట్ గుండా లోపలికి ఇంకా జోరుగా ఇంకుతుంది. మన డింగీలు వాడాక ఒడ్డెక్కి ఆరిపోతాయి కాబట్టి బొబ్బల భయం తక్కువ.

ఈ మధ్య ఎక్కడ చూసినా రెజిన్ ఆర్ట్ సరుకు, కీ చైన్లకి, పూలు పెట్టి పోసే ట్రేలకి వాడే పారదర్శక ఎపాక్సీ. అది ఎపాక్సీయే కదా అని పడవకి తెచ్చేవాళ్లు తయారయ్యారు. అది నిదానంగా గట్టిపడేలా, బుడగ లేకుండా అందంగా కనపడేలా చేసిన సరుకు, వేడికి మెత్తబడే హద్దు చాలా వాటిలో తక్కువ. మామూలు గది వేడిలో ఆరిన లామినేటింగ్ ఎపాక్సీయే (ఫైబర్ గుడ్డ పొరలకి వాడేది) 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ముదురు రంగు డెక్కు మన ఎండలో ఆ వేడిని దాటడం పెద్ద విషయం కాదు. అందుకే ఎపాక్సీ అతుకు మీద తెల్ల రంగో, లేత రంగో వెయ్యమంటాను. ఇంకో చిట్కా కూడా ఉంది. అతుకు ఒక రోజు ఆరాక, పుట్టీ పెట్టకముందు, నల్ల ప్లాస్టిక్ కవర్ కప్పి ఎండలో వదిలెయ్యండి. ఆ వేడికి ఎపాక్సీ ఇంకాస్త గట్టిపడి, మెత్తబడే హద్దు కూడా పైకి జరుగుతుంది. పుట్టీ పెట్టి రంగు వేశాక ఇది జరిగితే కింద గుడ్డ నేత పైకి అచ్చుపడుతుంది. ఇక కారు డెంటింగ్ షాపు పుట్టీ నీటి గీత కింద వద్దే వద్దు, అందులో టాల్కం పొడి నీళ్లు పీలుస్తుంది.

ఇంత చర్చ చేసినా, ఏ రెజిన్ అయినా నిలబడేది కింద రుద్దడం మీదే. ముందు అసిటోన్‌తో తుడవాలి, రుద్దాక కాదు, రుద్దకముందు. లేకపోతే పాత పాలిష్ మైనం అంతా గీతల్లోకి పోతుంది. తర్వాత కన్నం చుట్టూ పల్చగా ఏటవాలుగా గ్రైండ్ చెయ్యాలి, మందానికి పన్నెండు రెట్లు వెడల్పు. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పడవకి కన్నం అంచునుంచి ప్రతి వైపూ 36 మిల్లీమీటర్లు. 5 సెంటీమీటర్ల కన్నానికి మీరు గ్రైండ్ చేసే గుండ్రం 12 సెంటీమీటర్లు దాటుతుంది. ఇది చూడగానే పడవ యజమాని గుండె జారిపోతుంది, చిన్న కన్నం తెస్తే పెద్దది చేశావేంటమ్మా అంటారు. కానీ అతుకు పట్టు అంతా ఆ వాలులోనే ఉంది, బలం అక్కర్లేని చోటైతే ఎనిమిది రెట్లకి తగ్గించుకోండి. 80 నంబరు పేపర్‌తో ముగించి, పాత ఫైబర్ మెరుపు ఎక్కడా లేకుండా మసకగా, తెల్లగా కనపడేదాకా రుద్దండి. గ్రైండ్ చేసేటప్పుడు తియ్యటి స్టైరీన్ వాసన వస్తే పాత పడవ పాలిస్టర్ అని అదే చెప్తుంది. పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము దురద స్నానం చేసినా పోదు, మొదట చల్లనీళ్లతో కడుక్కోవాలి, వేడినీళ్లు తర్వాత.

ఎపాక్సీకి చేతికి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. వాసన లేదు కదా అని ఉత్త చేతులతో కలిపేవాళ్లు ఉన్నారు, కొన్నాళ్లకి ఒంటికి దాని ఎలర్జీ పట్టుకుంటే ఆ తర్వాత డబ్బా మూత తీసినా దద్దుర్లు వస్తాయి, ఇక అది పోదు. పాలిస్టర్ వాళ్లకి భయం ఎంఈకేపీతో, కంట్లో పడితే చూపు పోవచ్చు. మన దగ్గర చాలా దుకాణాల్లో కోబాల్ట్ అనే ఊదా రంగు యాక్సిలరేటర్ విడిగా ఇస్తారు. దాన్ని ముందు రెజిన్‌లో వేసి బాగా కలపాలి, అది పూర్తిగా కలిసిపోయాకే ఎంఈకేపీ. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా, కాబట్టి రెండిటికీ ఒకే సిరంజి, ఒకే కప్పు వాడకండి, ఒకే సంచిలో బండి డిక్కీలో పెట్టుకుని రాకండి. మిగిలిన ఎంఈకేపీని ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు, ఇనప డబ్బాలోకి మార్చొద్దు. వచ్చిన ప్లాస్టిక్ సీసాలోనే, చల్లగా, కోబాల్ట్‌కి దూరంగా వేరే అరలో పెట్టండి. కలిపాక మిగిలిపోయిన రెజిన్‌ని చెత్తబుట్టలో వెయ్యకండి, పూర్తిగా గట్టిపడి చల్లారేదాకా బయట ఇసక మీద పెట్టి అప్పుడు పారెయ్యండి.